పిరేయస్‌లో ఓడ తప్పితే: ఒక రేవును ఒక రోజులో చదువుకునే పద్ధతి

ముప్పై ఒక్క సంవత్సరాలు ఓడల్లో పనిచేసి చీఫ్ ఇంజినీరుగా దిగిపోయిన మనిషికి, ప్రయాణికుడిగా ఓడ తప్పిపోతే ఎలా ఉంటుందో 2023 మే నెలలో నాకు తెలిసింది. మా ఆవిడా నేనూ గ్రీసులో రోడ్స్ ద్వీపానికి వెళ్ళాలని ఏథెన్స్ నుంచి దాని రేవు ఊరు పిరేయస్ వచ్చాం. స్టేషన్ బయటికి రాగానే రోడ్డుకు అవతల పెద్ద నీలిరంగు ఓడ కనబడింది. టికెట్టు చూడకుండానే, అంతా తెలిసినవాడిలాగా పెట్టెలు లాక్కుంటూ దాని దగ్గరకు నడిచాను. మా ఓడ ఉన్నది ఈ-1 గేటులో. అక్కడికి రెండు కిలోమీటర్ల పైమాటే. చెమటలు కక్కుతూ చేరేసరికి దాని వెనుక ర్యాంపు పైకి లేస్తోంది. ఆ చప్పుడు నాకు బాగా తెలిసినదే. గట్టు మీద నిలబడి వినడం మాత్రం అదే మొదటిసారి.

మళ్ళీ ఓడ ఎల్లుండి సాయంత్రం. మధ్యలో ఒక రోజు పూర్తిగా మిగిలింది. "ఏథెన్స్ వెనక్కి వెళదాం. ఇక్కడ ఏముంది? గుడి లేదు, కోట లేదు, అన్నీ లారీలే" అంది మా ఆవిడ. పిరేయస్ గురించి అందరూ అనే మాటే అది. ద్వీపాలకు వెళ్ళేవాళ్ళు ఈ ఊళ్ళో నలభై నిమిషాలు ఉంటారు, అది కూడా గేటు వెతుక్కోవడానికే. నాకు మాత్రం ఈ ఊరితో 1996 నాటి పరిచయం. అప్పుడు నేను థర్డ్ ఇంజినీరును. మా ఓడ మరమ్మతు కోసం పక్కనే ఉన్న పెరామాకు వచ్చి పంతొమ్మిది రోజులు ఆగింది. డ్యూటీ లేని ప్రతి సాయంత్రం కాలినడకన తిరిగాను. ఆ తిరుగుడులో నాకు పట్టుబడిన పద్ధతిని ఆ రోజు ఆవిడకు చూపించాను. మీ ఓడ తప్పకపోయినా సరే, ఒక రోజు మిగుల్చుకుని ఇలా చూడండి.

పద్ధతి పెద్దదేమీ కాదు. రేవు ఊరిని రాజుల వైపు నుంచి, గుళ్ళ వైపు నుంచి చూస్తే ఏమీ కనబడదు. గట్టు మీద నిలబడి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ గట్టు ఎవరి సొమ్ముతో లేచింది? ఇక్కడ ఏ సరుకు దిగింది? దాన్ని ఎవరు మోశారు? విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి గనుక నాకు ఈ ప్రశ్నలు చిన్నప్పటి నుంచీ అలవాటు. పిరేయస్‌లో ప్రతి చోటా వీటికి జవాబు దొరుకుతుంది, పైగా ఆ జవాబు ప్రతిసారీ మారుతుంది.

బయలుదేరే ముందు

ఏథెన్స్ నుంచి రావడానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. 2022 అక్టోబరులో మూడవ నంబరు మెట్రో పిరేయస్ దాకా వచ్చింది. విమానాశ్రయం నుంచి దాదాపు గంటలో నేరుగా దింపేస్తుంది. పెట్టెలుంటే అదే ఎక్కండి. చరిత్ర కావాలంటే మాత్రం ఒకటవ నంబరు పాత రైలు ఎక్కండి. 1869 ఫిబ్రవరిలో ఏథెన్స్‌లోని థిసియో నుంచి పిరేయస్‌కు ఆవిరి బండిగా మొదలై, 1904లో కరెంటుకు మారిన దారి అది. ఇంకో విశేషం ఉంది. క్రీస్తుపూర్వం అయిదవ శతాబ్దంలో ఏథెన్స్ వాళ్ళు తమ ఊరినీ రేవునూ కలుపుతూ కట్టిన పొడవాటి గోడలు దాదాపు ఈ పట్టాల దారిలోనే ఉండేవి. శత్రువు పొలాలన్నీ తగలబెట్టినా, సముద్రం మీద వచ్చిన తిండి ఆ గోడల మధ్య నుంచి ఊళ్ళోకి చేరేది. కిటికీ పక్కన కూర్చుంటే కనబడేవి గోదాములూ షెడ్లూ తప్ప గోడలు కావు. అయినా ఆ దారి ఎందుకు వేశారో తెలిసి కూర్చోవడం వేరు.

గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి, నీళ్ళ సీసా పెట్టుకోండి. జులై, ఆగస్టు నెలల్లో అయితే పొద్దున ఎనిమిదింటికల్లా నడక మొదలుపెట్టండి. పురావస్తు మ్యూజియం వారంలో ఏ రోజు మూసి ఉంటుందో ముందే చూసుకోండి. మీ ఓడ గేటు నంబరును పైకి, బిగ్గరగా చదవండి. ఇది అనుభవంతో చెబుతున్న మాట.

మొదట కొండ ఎక్కాలి

స్టేషన్ నుంచి నేరుగా నీళ్ళ దగ్గరకు వెళ్ళకండి. కస్టెల్లా కొండ మీదికి, ప్రొఫీటిస్ ఇలియాస్ గుడి వైపు ఎక్కండి. ఎత్తు తొంభై మీటర్లకు లోపే గానీ పై వీధులు నిలువుగా ఉంటాయి, మోకాళ్ళు గుర్తుచేస్తాయి. పైనుంచి చూస్తే ఊరు ఎందుకు పుట్టిందో ఒక్క చూపులో అర్థమవుతుంది. మూడు నీటి గిన్నెలు. పడమటి వైపు పెద్దది, పాతపేరు కాంథరోస్, ఇప్పుడు ప్రయాణికుల ఓడలన్నీ ఆగేది అందులోనే. దక్షిణాన గుండ్రంగా ఉన్నది జియా. తురుష్కుల కాలం నుంచి దాన్ని పసాలిమాని అంటారు. కొండకు ఆనుకుని కింద ఉన్న చిన్నది మునిఖియా, నేటి మైక్రోలిమానో. మూడింటికీ మూతి సన్నం, లోపల నీరు నిలకడ. తూర్పున కనబడే ఫలేరో ఇసుక తీరాన్ని కూడా చూడండి. ఏథెన్స్ వాళ్ళు మొదట్లో తమ పడవలను అక్కడే ఒడ్డుకు లాగేవాళ్ళు. ఊరికి దగ్గరే గానీ గాలికి అడ్డం లేదు, శత్రువుకు అడ్డం అసలే లేదు.

ఇసుక వదిలేసి ఈ రాళ్ళ మధ్యకు రండి అని పట్టుబట్టినవాడు ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్. క్రీ.పూ. 493లో అధికారి పదవిలో ఉన్నప్పుడు పిరేయస్‌కు గోడ కట్టించడం మొదలుపెట్టాడు. పదేళ్ళ తరువాత లారియోన్ గనుల్లో కొత్తగా వెండి పడింది. దాన్ని తలా కొంత పంచుకుందామని ఊరంతా అంటుంటే, వద్దు, ఓడలు కడదామని ఒప్పించాడు. క్రీ.పూ. 480లో పారశీకుల నౌకాదళాన్ని సలామిస్ జలసంధిలో ఓడించింది ఆ ఓడలతోనే. తరువాత మిలేటస్ ఊరివాడు హిప్పోడామస్ వచ్చి ఊరికి తిన్నని వీధులు గీశాడు. ఇప్పటి వీధులు పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ గీసినవే. అయినా గళ్ళ బట్ట పరిచినట్టే ఉంటాయి కనుక దారి తప్పడం కష్టం.

ఈ కొండకు ఇంకో కథ ఉంది. ప్రత్యర్థి రాజ్యం స్పార్టాతో జరిగిన యుద్ధంలో ఏథెన్స్ ఓడిపోయాక ముప్పై మంది నియంతలు పెత్తనం చేశారు. వాళ్ళను ఎదిరించి క్రీ.పూ. 403లో ప్రజాస్వామ్య పక్షపు సేనాని థ్రాసిబులస్ మనుషులు నిలబడింది ఇక్కడే, మునిఖియా వాలు మీద. పై నుంచి ఈటెలు, రాళ్ళు విసిరారు, నియంతల నాయకుడు క్రిటియాస్ చచ్చిపోయాడు, ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది. రేవు ఊరి జనం ఆ పక్షాన ఎందుకున్నారో తెలియాలంటే కిందికి దిగి ఓడల షెడ్లు చూడాలి.

అపార్టుమెంటు కింద ఓడల షెడ్డు

జియా ఒడ్డున అక్తి మూత్సోపూలూ అనే రోడ్డు మీద, సిరాంగియూ వీధి మూలలో ఒక మామూలు అపార్టుమెంటు ఉంది. పైన బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉంటాయి. కింది అంతస్తులోకి తొంగి చూస్తే రాతి వాలు, స్తంభాల మొదళ్ళు వరుసగా కనబడతాయి. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటి ఓడల షెడ్డు అది. నా దృష్టిలో ఈ ఊళ్ళో అన్నిటికన్నా గొప్ప చోటు ఇదే. దీని ముందు ఒక్కరంటే ఒక్క పర్యాటకుడు ఆగడం నేను చూడలేదు.

కాసేపు నిలబడి చూడండి. రెండు స్తంభాల వరుసల మధ్య జాగా ఆరు మీటర్ల చిల్లర. ట్రైరీమ్ అనే యుద్ధనౌక అందులో ఇటు అటు కొంచెం సందు వదిలి సరిగ్గా పడుతుంది. పొడవు ముప్పై ఏడు మీటర్ల దాకా ఉన్న ఆ ఓడను, నూట డెబ్భై మంది తెడ్డు వేసేవాళ్ళు కూర్చునే ఆ చెక్క దేహాన్ని, తాళ్ళతో ఈ వాలు మీదికి లాగేవాళ్ళు. ఎందుకంటే నీళ్ళలో ఉంచితే చెక్క నీరు పీల్చి బరువెక్కుతుంది, వేగం తగ్గుతుంది, పైగా చెక్కను తొలిచే సముద్రపు పురుగు పడుతుంది. మా కాలంలో ఇనుప ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టాయని డ్రై డాక్‌లో పెట్టి గీకించేవాళ్ళం. వాళ్ళకు ఎండ, పైకప్పు, వాలు చాలాయి. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు నౌకాదళ శాసనాల లెక్క ప్రకారం ఇలాంటి షెడ్లు జియాలో 196, మునిఖియాలో 82, కాంథరోస్‌లో 94 ఉండేవి. మొత్తం 372. ఈ గుండ్రటి నీటి చుట్టూ ఇప్పుడు పడవల మాస్టులు, కాఫీ కొట్లు ఉన్న చోటంతా పక్క పక్కన పెంకుల కప్పులే అన్నమాట.

ఇక మూడో ప్రశ్న. తెడ్డు ఎవరు వేశారు? బానిసలని చాలామంది అనుకుంటారు. ఎక్కువ మంది భూమి లేని పేద పౌరులు, కూలి తీసుకునేవాళ్ళు. ఓడ ఖర్చు ఏడాది పాటు భరించే బాధ్యత ఒక ధనికుడి మీద పడేది. అంటే సంపన్నుడి డబ్బు, పేదవాడి భుజం. ఊరిని కాపాడేది తమ భుజమేనని తెలిశాక ఆ పేదవాళ్ళు సభలో ఊరికే కూర్చుంటారా? మునిఖియా కొండ మీద రాళ్ళు విసిరిన చేతుల్లో తెడ్డు పట్టినవి ఎన్నో ఉండి ఉంటాయి.

షెడ్లకు దగ్గరలోనే ఫిలోన్ అనే వాస్తుశిల్పి కట్టిన సామాను గోదాము ఉండేది. దాని పునాదులు 1980ల చివరలో బయటపడ్డాయి. అంతకు వందేళ్ళ ముందే, 1882లో, దాని నిర్మాణ వివరాలు చెక్కిన శాసనం దొరికింది. నేను దాన్ని శాసనం అనను, టెండరు కాగితం అంటాను. నాలుగు వందల అడుగుల పొడవు, యాభై అయిదు అడుగుల వెడల్పు, ఏ రాయి ఎక్కడ, ఏ దూలం ఎంత మందం, అన్నీ ఉన్నాయి. ఓడల తెరచాపలూ తాళ్ళూ భద్రపరిచే ఆ భవనం మధ్యలో జనం నడిచి వెళ్ళే దారి ఉంచాలని కూడా అందులోనే రాశారు. ఇటు నుంచి అటు నడిచే పౌరుడికి సామాను మొత్తం కనబడాలట. స్టోరు లెక్కల విషయంలో నేను చాలా కంపెనీలను చూశాను. ఏ కంపెనీ కూడా స్టోరు గదిని అంత ధైర్యంగా తెరిచిపెట్టలేదు.

మ్యూజియంలో గంటన్నర

అక్కడి నుంచి హరిలావూ త్రికూపీ వీధిలో పురావస్తు మ్యూజియం అయిదు నిమిషాలు. చిన్నదే. మొత్తం చూడాలని కూర్చోకండి. పై అంతస్తులో కంచు విగ్రహాల దగ్గరకు వెళ్ళండి. 1959 జులైలో ఇక్కడి ఒక వీధి కూడలిలో మురుగు కాలువ కోసం తవ్వుతుంటే కూలీ పలుగుకు ఒక కంచు చెయ్యి తగిలింది. తవ్వుకుంటూ పోతే నిలువెత్తు అపోలో, ఎథీనా, ఆర్టెమిస్ విగ్రహాలు పడుకోబెట్టినట్టు దొరికాయి. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా పిరేయస్‌ను తగలబెట్టాడు. పంపడానికి గోదాములో సిద్ధంగా పెట్టిన సరుకు ఆ మంటల్లో కూలిన కప్పు కింద ఉండిపోయిందని పండితుల అంచనా. "అంటే ఇవి కూడా ఓడ తప్పిపోయినవే" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

అదే మ్యూజియంలో ట్రైరీమ్‌ల ముక్కుకు రెండు పక్కలా అతికించే పాలరాతి కళ్ళు ఉన్నాయి. ఓడకు దారి కనబడాలి కదా. కింద ఒక గదిలో రెండంతస్తుల ఇల్లంత సమాధి ఉంది. నల్ల సముద్రపు ఒడ్డున ఇస్త్రోస్ నుంచి వచ్చిన నికెరాటస్ అనే ఆసామి కుటుంబానిది. స్థానికుడు కానివాడు అంత సమాధి కట్టుకున్నాడంటే ఇక్కడ పరాయివాడి సంపాదన ఎలా ఉండేదో చూడండి. ఏథెన్స్ తిన్న గోధుమ చాలావరకు ఆ నల్ల సముద్రం వైపు నుంచి వచ్చిందే. దిగిన సరుకు మీదా ఎక్కిన సరుకు మీదా నూటికి రెండు చొప్పున సుంకం. ఆ సుంకం వసూలు చేసుకునే హక్కును వేలం వేసేవాళ్ళు, మన దగ్గర సంత గుత్త పాడినట్టే. వర్తకులు తమ ధాన్యం మచ్చు చూపించడానికి రేవులో ఒక ప్రత్యేకమైన చోటు ఉండేది, దాని పేరే "మచ్చు". ఎవరి దేవుణ్ణి వాళ్ళు తెచ్చుకున్నారు కూడా. సైప్రస్ నుంచి వచ్చిన కితియోన్ వర్తకులు తమ ఆఫ్రొడైటీకి గుడి కట్టుకోవడానికి భూమి కొనుక్కోవచ్చని క్రీ.పూ. 333లో ఏథెన్స్ సభ తీర్మానం చేసింది. ఈజిప్టువాళ్ళకు అప్పటికే ఐసిస్ గుడి ఉంది.

గోడ పక్కన భోజనం

మధ్యాహ్నానికి ఫ్రెయాతీడా దాటి పిరైకీ తీరానికి నడవండి. దారిలో సముద్ర మ్యూజియం వస్తుంది. ఓపిక ఉంటే వెళ్ళండి, లేకపోతే వదిలేయండి. ఫ్రెయాతీడా దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. పాత ఏథెన్స్‌లో ఒక విచిత్రమైన న్యాయస్థానం ఈ ఒడ్డున కూర్చునేది. హత్య కేసులో దేశబహిష్కారం అనుభవిస్తున్నవాడి మీద మరో హత్యారోపణ వస్తే విచారించడం ఎలా? అతడు ఈ నేల మీద కాలు మోపకూడదు. అందుకని అతడు పడవలో నిలబడి వాదించుకునేవాడు, న్యాయాధికారులు ఒడ్డున కూర్చుని వినేవాళ్ళు. వీసా లేక ఒడ్డుకు దిగలేక, రెయిలింగు పట్టుకుని ఊరి దీపాలు చూసిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. నేరం చేయకపోయినా ఆ మనిషి ఎలా ఉండి ఉంటాడో ఊహించగలను.

తీరం వెంట చెక్కిన పెద్ద రాళ్ళ వరుస కిలోమీటర్ల కొద్దీ కనబడుతుంది. థెమిస్టోక్లీస్ గోడను క్రీ.పూ. 404లో స్పార్టా వాళ్ళు పడగొట్టించారు. పిల్లనగ్రోవుల పాట పెట్టుకుని మరీ పడగొట్టారని ఆనాటివాడు జెనోఫోన్ రాశాడు. ఇప్పుడు మనం చూసేది పదేళ్ళకు కొనోన్ అనే సేనాని తిరిగి కట్టించిన గోడ. మొదటి ప్రశ్న ఇక్కడ వేసుకోండి. ఎవరి సొమ్ము? పారశీకులది. స్పార్టా నౌకాదళాన్ని పోషించి ఈ గోడలు కూలేలా చేసింది పారశీకుల బంగారమే. స్పార్టా మీద కోపం వచ్చాక ఆ గోడలను లేపింది కూడా అదే బంగారం. సలామిస్ యుద్ధం జరిగి అప్పటికి నూరేళ్ళు కూడా కాలేదు. విదేశీ డబ్బు రేవులోకి వస్తోందని ఈ రోజు జరిగే చర్చలు విన్నప్పుడల్లా నాకు ఈ రాళ్ళు గుర్తుకొస్తాయి.

రాళ్ళకు ఎదురుగానే చేపల హోటళ్ళు. గావ్రోస్ ఉందా అని అడగండి. మన నెత్తళ్ళే. పిండి అద్ది కరకరలాడేలా వేయించి, నిమ్మ చెక్క పెట్టి ఇస్తారు. మా ఆవిడ మొదట తలలు తీసి పక్కన పెట్టింది, రెండో పళ్ళెం వచ్చేసరికి తలలతో సహా తింటోంది. కారం తగ్గిందని మాత్రం చెప్పక మానలేదు.

సింహం పోయిన రేవు

సుల్లా తరువాత పదిహేడు వందల ఏళ్ళకు పైగా చరిత్రను నేను రెండు ముక్కల్లో దాటేస్తాను, ఎందుకంటే ఊరు కూడా అలాగే దాటింది. జనం పోయారు, పేరు కూడా పోయింది. నావికుల పటాల్లో ఈ చోటును సింహం రేవు అనేవాళ్ళు, ఒడ్డున ఉన్న పెద్ద పాలరాతి సింహాన్ని బట్టి. దాని భుజాల మీద ఉత్తరదేశాల నుంచి వచ్చిన సైనికులు తమ లిపిలో ఏవో గీసుకున్నారు. 1687లో వెనిస్ సేనాని మొరోసీనీ దండెత్తి వచ్చి, వెళుతూ వెళుతూ ఆ సింహాన్ని ఎత్తుకుపోయాడు. అది ఇప్పటికీ వెనిస్ నౌకాశాల గుమ్మం ముందు కూర్చుని ఉంది.

గ్రీసుకు స్వాతంత్ర్యం వచ్చి ఏథెన్స్ రాజధాని అయ్యేనాటికి ఇక్కడ చెప్పుకోదగ్గ ఇల్లు లేదు. 1835లో పురపాలక సంఘం ఏర్పడింది. హైడ్రా, కియోస్ ద్వీపాల నుంచి ఓడలవాళ్ళు, వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. రైలు, మిల్లులు, 1893లో కోరింత్ కాలువ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రెండు తరాలలో ఊరికి డబ్బూ దర్పమూ రెండూ అబ్బాయనడానికి సాక్ష్యం 1895లో తెరిచిన మునిసిపల్ థియేటర్. మెట్రో స్టేషన్ ఒకటి ఇప్పుడు దాని పేరు మీదే ఉంది. ముందు మెట్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకోండి, కానీ భవనాన్ని మెచ్చుకోవడంతో ఆపకండి. 1922లో ఆసియా మైనరు (నేటి టర్కీ) నుంచి తరిమివేతకు గురైన గ్రీకులు ఓడల మీద వచ్చి ఈ రేవులో దిగినప్పుడు, తలదాచుకోవడానికి చోటు లేక ఈ థియేటర్ బాక్సుల్లో కాపురాలు పెట్టారు. ఒక్కో బాక్సులో ఒక్కో కుటుంబం, అడ్డంగా దుప్పటి.

ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా బరువైన సరుకు అదే. 1920లో లక్షా ముప్పై వేలు దాటిన జనాభా 1928 నాటికి రెండున్నర లక్షలయింది. కొక్కినియా, ద్రాపెట్సోనా, కెరాట్సీనీ పేటలు రేకులూ చెక్కలతో లేచాయి. మగవాళ్ళు బొగ్గు మోశారు, ఎరువుల ఫ్యాక్టరీలో చేరారు. రాత్రుళ్ళు హుక్కా పొగ మధ్య బుజూకీ వాయించారు. రెంబేటికో అనే పాట ఇక్కడ పెరిగింది. సిరోస్ ద్వీపం నుంచి కుర్రవాడుగా వచ్చి రేవులో బొగ్గు మోసి, కబేళాలో పనిచేసిన మార్కోస్ వంవకారిస్ 1934లో మరో ముగ్గురితో కలిసి మేళం కట్టాడు. మర్యాదస్తులు చెవులు మూసుకున్న ఆ పాటకు 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 1996లో పెరామాలో మా ఓడకు వెల్డింగు చేయడానికి వచ్చిన ముసలాయన ఒకడు పనిచేస్తూ సన్నగా ఏదో పాడుతుండేవాడు. వాళ్ళ అమ్మ ఏ ఊరిదని అడిగితే ఆసియా మైనరులోని స్మిర్నా అన్నాడు, తాను అక్కడ ఉన్నట్టే.

రెండో ప్రపంచ యుద్ధం దెబ్బలు రెండు వైపులా పడ్డాయి. 1941 ఏప్రిల్ 6 రాత్రి జర్మన్ విమానాలు వేసిన బాంబులకు క్లాన్ ఫ్రేజర్ అనే సరుకు ఓడ అంటుకుంది. దాని కడుపులో దించని పేలుడు పదార్థం దాదాపు 250 టన్నులు. అది పేలితే రేవే లేచిపోయింది. 1944 జనవరిలో మిత్రపక్షాల బాంబులు ఊరి మీదే పడి వందలమంది చనిపోయారు. పాత ఇళ్ళు తక్కువగా ఉండడానికి ఒక కారణం అది. మరో కారణం స్వయంకృతం: సైనిక నియంతల కాలంలో, 1968లో, ఊరివాళ్ళు ప్రేమగా గడియారం అని పిలుచుకునే పాత పురపాలక భవనాన్ని కూల్చేశారు. ఆ తరువాత రేవు ముందు ఎనభై నాలుగు మీటర్ల టవర్ లేపి, దశాబ్దాల పాటు ఖాళీగా వదిలేశారు. 1996లో నేను చూసినప్పుడు అది ఇంజిను లేని ఓడలా ఉంది. 2023లో అద్దాలు తొడుక్కుని నిలబడింది.

సాయంత్రం క్రేన్ల వైపు

నాలుగు గంటలకు స్టేషన్ దగ్గర పెరామా బస్సు ఎక్కండి. కిటికీలో ద్రాపెట్సోనా వెళుతుంది. 1999లో మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో ఇప్పుడు జనం సముద్రం పక్కన నడుస్తుంటారు. తరువాత కంచెలు, కంచెల వెనుక కంటెయినర్ పెట్టెల గుట్టలు, వాటి మీద నీలం క్రేన్లు.

నేటి పిరేయస్ అంటే ఇదే. 2008లో గ్రీసు ప్రభుత్వం రెండు, మూడు నంబరు కంటెయినర్ పియర్లను 35 ఏళ్ళకు చైనా ప్రభుత్వ సంస్థ కోస్కోకు ఇవ్వడానికి ఒప్పందం చేసుకుంది. 2009 అక్టోబరులో వాళ్ళు దిగారు. అప్పుల ఊబిలో ఉన్న ప్రభుత్వం 2016లో రేవు సంస్థలోనే 51 శాతం వాటాను 28 కోట్ల యూరోల చిల్లరకు అమ్మింది, 2021లో అది 67 శాతం అయింది. ఇరవై అడుగుల పెట్టెల లెక్కలో 2008లో ఇక్కడ నాలుగు లక్షల ముప్పై వేలు కదిలితే, 2019లో 56 లక్షలు దాటాయి. ఆ ఏడాది మధ్యధరా సముద్రంలో మొదటి స్థానం దీనిదే. అయితే ఈ లెక్క చెప్పేవాళ్ళు ఒక మాట దాచేస్తారు. 2008 సమ్మెల ఏడాది. 2007లో పదమూడు లక్షల పైచిలుకే కదిలాయి. పదమూడు రెట్లు పెరిగిందనడం కన్నా నాలుగు రెట్లు అనడమే న్యాయం. అది కూడా తక్కువేమీ కాదు. సూయజ్ కాలువ దాటి ఉత్తరానికి తిరిగే ఓడకు యూరప్‌లో మొదట తగిలే పెద్ద లోతైన రేవుల్లో ఇదొకటి. పెద్ద ఓడ ఇక్కడ పెట్టెలు దించి వెళితే చిన్న ఓడలు వాటిని నల్ల సముద్రానికీ, ఏడ్రియాటిక్‌కూ పంచుతాయి. నికెరాటస్ గోధుమ వచ్చిన దారే, తిరుగు దిక్కులో.

మరి ఎవరు మోస్తున్నారు? 1996లో ఒక క్రేన్ చుట్టూ పదిమంది కనబడేవాళ్ళు. ఇప్పుడు దూరం నుంచి మనిషే కనబడడు. ఉన్నవాళ్ళు కాంట్రాక్టుల మీద, షిఫ్టుల ఒత్తిడి మీద పోరాడుతూనే ఉన్నారు. 2021 అక్టోబరులో ఒక కార్మికుడు పనిలో ప్రమాదానికి గురై చనిపోతే పియర్లు స్తంభించాయి. పెరామా మరమ్మతు యార్డుల కథ ఇంకా చేదుగా ఉంటుంది. 2008 జులైలో మరమ్మతులో ఉన్న గ్యాస్ ట్యాంకరులో పేలుడు జరిగి ఎనిమిది మంది పోయారు. ట్యాంకులో గ్యాస్ లేదని పరీక్షించి సంతకం పెట్టే కాగితం ఎంత ముఖ్యమో ఇంజిను గదిలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. నేను దిగిన గేటు ఎదుట ఒకప్పుడు తెల్లవారుజామున జట్టు జట్టుగా ఫిట్టర్లు నిలబడేవాళ్ళు. ఈసారి రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. ఊరికి సంపద వచ్చిందా అంటే వచ్చింది. ఈ వీధికి వచ్చిందా అంటే నాకు కనబడలేదు. ఓడలు గ్రీకు యజమానులవి, రేవు పక్క అక్తి మియావూలీ రోడ్డు మీద వాళ్ళ ఆఫీసులు నిగనిగలాడుతున్నాయి. రేవు చైనావాళ్ళది. వీధి మాత్రం ఎప్పటిలాగే వీధివాళ్ళదే.

పెరామా నుంచి సలామిస్ ద్వీపానికి పగలూ రాత్రీ పడవలు తిరుగుతుంటాయి, పావుగంట ప్రయాణం. ఎక్కండి. కార్ల మధ్య నుంచి పై డెక్కుకు వెళ్ళండి. వెనుక కొండల వాలు మీద ఎక్కడో కూర్చునే పారశీకుల రాజు క్సెర్క్సిస్ తన ఓడలు మునగడం చూశాడు. మీరు ఉన్నది ఆ నీళ్ళ మీదే. అవతల ఒడ్డున దిగి ఒక కాఫీ తాగి, చీకటి పడే వేళకు తిరుగు పడవ ఎక్కి కుడివైపు నిలబడండి. క్రేన్ల మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. అడుగున ఇంజిను అదురు పాదాలకు తెలుస్తుంది. మా పడవలో ఒక సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదని మా ఆవిడకు చెప్పాను. "ముందు గేటు నంబరు సరిగ్గా చదవండి" అంది.

మర్నాడు సాయంత్రం ఈ-1 దగ్గరకు రెండు గంటల ముందే చేరాం. రేవు లోపల ఒక గేటు నుంచి ఇంకో గేటుకు ఉచిత బస్సు ఉందని కూడా అప్పుడే తెలిసింది. టికెట్లు ఆవిడ చేతి సంచిలో ఉన్నాయి.